టై రాడ్ జోలికి ఆఖర్న వెళ్ళు

చిరంజీవి అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

నీ లారీకి కొత్తగా వేయించిన ముందు టైర్లు అప్పుడే ఒక పక్క తినేస్తున్నాయని, అలైన్‌మెంట్ (చక్రాల దిశ, వంపు సరిచేయడం) చేయించినా ఆగలేదని రాశావు. మళ్ళీ చేయించమంటావా అని అడిగావు. ఇప్పుడే వద్దు. టై రాడ్, అంటే ముందు చక్రాలు రెంటినీ కలిపే కడ్డీ, తిప్పడం సులువు కాబట్టి అందరూ ముందు దాని మీదే పడతారు. కానీ బండి కింద అన్నీ చూసుకున్నాక చేయాల్సిన పని అది.

మొట్టమొదట టైరు చూడు. ట్రెడ్ (టైరులో నేలకు తగిలే భాగం) మీద అరచెయ్యి పెట్టి బయటి అంచు నుంచి లోపలికి రాయి, మళ్ళీ లోపలి నుంచి బయటికి రాయి. తీగ బయటపడిన టైరైతే చేతికి గ్లౌజు వేసుకో. లోపలికి రాసినప్పుడు నున్నగా జారి, బయటికి వచ్చేటప్పుడు రంపం పళ్ళలా గీరుకుంటే టో ఇన్ (చక్రాల ముందు అంచులు లోపలికి తిరిగి ఉండటం) ఎక్కువైనట్టు. దీనికి తలకిందులుగా ఉంటే టో అవుట్, అంటే అంచులు బయటికి తిరిగినట్టు. మామూలుగా ఈ గీరుకోవడం రెండు టైర్లలోనూ కనపడుతుంది. ఒకే టైరు ఒక భుజం (ట్రెడ్ అంచు) మాత్రమే నున్నగా అరిగితే క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలడం) మీద, కింగ్ పిన్ (చక్రం అటూ ఇటూ తిరిగే నిలువు పిన్ను) మీద, బేరింగు మీద అనుమానపడు. ఒక టైరు లోపలి పక్క, రెండోది బయటి పక్క అరుగుతుంటే ముందు యాక్సిల్ (ఇరుసు) వదిలేసి వెనక్కి వెళ్ళి చూడు. రెండు భుజాలూ అరిగితే గాలి తక్కువ, నడుమ అరిగితే గాలి ఎక్కువ. గాలి టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి.

టో అంటే రెండు చక్రాల ముందు అంచుల మధ్య దూరానికీ, వెనక అంచుల మధ్య దూరానికీ ఉన్న తేడా. అది కంటికి కనపడదు కాబట్టి లెక్కలో చెబుతా. లారీ టైరు ఎత్తు దగ్గర దగ్గర ఒక మీటరు. టో 3 మిల్లీమీటర్లు తప్పిందనుకో. ఒక్కో చక్రానికి మిల్లీమీటరున్నర వంతు. అంటే మీటరు దూరం నడిస్తే మిల్లీమీటరున్నర పక్కకి ఈడ్చుకుంటుంది, కిలోమీటరుకి మీటరున్నర. వెయ్యి కిలోమీటర్లు తిరిగితే ఆ టైరు కిలోమీటరున్నర దూరం అడ్డంగా రాసుకుపోయినట్టే. అందులోనూ లోడు మీద.

అసలు కాస్త టో ఇన్ ఎందుకు పెడతారంటే, బండి కదిలేటప్పుడు రోడ్డు ముందు చక్రాలను వెనక్కి నెడుతుంది. జాయింట్లలో ఉన్న కొద్దిపాటి సందు సాగి చక్రాల ముందు అంచులు బయటికి విచ్చుకుంటాయి. ఆ మేరకు ముందే లోపలికి పెడితే పరుగులో దాదాపు తిన్నగా వస్తాయి. చాలా లారీలకు అది ఒకటి రెండు మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే ఉంటుంది. నీ బండికి ఎంతో కంపెనీ పుస్తకం చూసుకో. మరి జాయింట్లే వదులై ఉంటే? షెడ్డులో కొలిచిన అంకె ఒకటి, రోడ్డు మీద టైరు నడిచే తీరు ఇంకొకటి. నీ అలైన్‌మెంట్ నిలవకపోవడానికి కారణం ఇదే అయి ఉంటుందని నా అనుమానం.

కాబట్టి లూజు చూడు. వెనక చక్రాలకు దిమ్మలు పెట్టి, ముందు యాక్సిల్ జాకీతో లేపి, కింద స్టాండ్లు పెట్టు. ఒట్టి జాకీని నమ్మి కిందకి దూరకు. టైరు పైనా కిందా పట్టుకుని ఊపు. ఆడితే క్యాబిన్‌లో ఒకరిని బ్రేకు తొక్కమని మళ్ళీ ఊపు. ఆట పోతే లూజు బేరింగుది, అలాగే ఉంటే కింగ్ పిన్‌ది. తర్వాత చక్రాలు నేల మీదకి దించి, స్టీరింగు కొద్దికొద్దిగా అటూ ఇటూ ఆడించమని, టై రాడ్ ఎండ్లు (చివరి జాయింట్లు), డ్రాగ్ లింక్ (స్టీరింగు నుంచి చక్రానికి వెళ్ళే కడ్డీ) ఎండ్ల మీద వేళ్ళు పెట్టి చూడు. రాడ్ కదలకముందే ఎండ్‌లో టక్కుమంటే అది మార్చాల్సిందే.

వెనక హౌసింగ్ (వెనక ఇరుసు తొడుగు) సంగతి చాలామంది పట్టించుకోరు. కమాన్ కట్టను హౌసింగ్‌కి బిగించే యు బోల్టులు వదులైనా, ఆ కట్ట మధ్యలోని సెంటర్ బోల్టు తెగినా హౌసింగ్ ఒక పక్క ముందుకో వెనక్కో జరుగుతుంది. అప్పుడు వెనక చక్రాలు బండిని ఓరగా తోస్తాయి. బండి తిన్నగా పోవాలంటే డ్రైవరు స్టీరింగు ఎప్పుడూ కాస్త తిప్పే పట్టుకోవాలి, శిక్ష పడేది ముందు టైర్లకి. రెండు పక్కలా ముందు హబ్ (చక్రం నడిమి భాగం) నుంచి వెనక హబ్‌కి టేపు పట్టి దూరం సరిపోల్చు. వెనక రెండు యాక్సిళ్ళున్న బండైతే వాటి మధ్య దూరం కూడా. టార్క్ రాడ్ (వెనక ఇరుసును కదలకుండా పట్టి ఉంచే కడ్డీ) బుష్షులు చూడటం మరచిపోకు.

క్యాస్టర్ (పక్క నుంచి చూస్తే కింగ్ పిన్ వాలి ఉండే వంపు) నేరుగా టైరు తినదు. బండి పట్టు తప్పితేనో, స్టీరింగు వణికితేనో దాన్ని చూడు. క్యాంబర్ కోసం యాక్సిల్‌కి మంట పెట్టి వంచుతామని ఎవరైనా అంటే అక్కడి నుంచి బండి తీసుకుని వచ్చెయ్యి. వేడికి ఆ ఉక్కు బలం పోతుంది.

ఇవన్నీ అయ్యాకే టో. చదునైన నేల మీద బండిని ముందుకే నడిపి ఆపి కొలువు, రివర్స్ చేసి ఆపితే కొలత తప్పుతుంది. టై రాడ్ ఎండ్ మర (థ్రెడ్), టై రాడ్ ట్యూబు చివర ఉన్న చీలిక దాటి లోపలికి వెళ్ళి ఉండాలి. టై రాడ్ క్లాంపులు బిగించాక స్టీరింగు రెండు పక్కలా పూర్తిగా తిప్పి, బోల్టు తలలు ఎక్కడా తగలడం లేదని చూసుకో. బండి తిన్నగా పోతున్నా స్టీరింగు వంకరగా ఉంటే స్టీరింగు చక్రం ఊడదీసి తిప్పి పెట్టించకు, డ్రాగ్ లింక్ పొడవు సరిచేయాలి.

లోడుతో ఒక ట్రిప్పు తిరిగొచ్చాక క్లాంపులు, యు బోల్టులు బిగువు మళ్ళీ చూడు. ఆ రోజే ముందు టైర్ల ట్రెడ్ లోతు లోపల, నడుమ, బయట కొలిచి నాకు రాయి.

ఇట్లు,
మీ మామయ్య