హీట్ పంపుతో మొదటి చలికాలం

"అక్కా, బయట మెషీన్‌లోంచి పొగ వస్తోంది. మెయిన్ ఆపేయమంటారా?"

పోయిన చలికాలంలో ఓ రాత్రి పదకొండు దాటాక వచ్చిన ఫోన్ ఇది. మన ఊరి నుంచి ఈ చలి దేశానికి వచ్చి రెండు నెలలు కూడా కాని తమ్ముడు, ఇంట్లో భార్య, ఏడాది నిండని పాప. గొంతులో కంగారు తెలిసిపోతోంది. వీడియో పెట్టమన్నాను. గోడ పక్కన హీట్ పంపు, అంటే బయటి గాలిలోని వేడిని ఇంట్లోకి తెచ్చే మెషీన్ తాలూకు బయటి యూనిట్, దాని రేకుల నిండా సున్నం కొట్టినట్టు తెల్లటి మంచు. ఫ్యాన్ ఆగిపోయి ఉంది. పైనుంచి తెల్లగా లేస్తోంది, కింద నీళ్లు కారుతున్నాయి. "ఏదీ ముట్టుకోకు, పది నిమిషాలు అలాగే చూస్తూ ఉండు" అన్నాను. ఆరో నిమిషంలో బుస్సుమని ఒక చప్పుడు, ఫ్యాన్ మళ్లీ తిరిగింది. రేకులు కడిగినట్టు నల్లగా బయటపడ్డాయి.

నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఇక్కడ నిప్పూ లేదు, అది పొగా కాదు, ఆవిరి. దీన్ని డీఫ్రాస్ట్ అంటారు. బయటి గాలిలోంచి వేడి లాగేటప్పుడు ఆ రేకులు గాలికన్నా చల్లబడతాయి, గాలిలోని తేమ వాటి మీద మంచుగా పేరుకుంటుంది. మంచు మందమయ్యేకొద్దీ గాలి ఆడదు. అందుకని మెషీన్ కాసేపు తన పని తిరగేసుకుని, ఇంట్లోని వేడి కొంచెం బయటికి పంపి ఆ మంచు కరిగించుకుంటుంది. ఆ కొద్ది నిమిషాలు లోపల గాలి ఆగిపోవచ్చు, చల్లగానూ రావచ్చు. విచిత్రమేమిటంటే మైనస్ ఇరవైలో కన్నా సున్నా అటూ ఇటూగా ముసురు పట్టిన రోజుల్లోనే ఇది ఎక్కువ. బాగా గడ్డకట్టే చలిలో గాలిలో తేమే తక్కువ.

భయపడాల్సింది వేరే ఉంది. గంటలు గడిచినా రేకులు మంచుగడ్డలోనే ఉండిపోతే మెకానిక్‌ని పిలవండి. అంతేగాని చాకుతోనో స్క్రూడ్రైవర్‌తోనో గీకొద్దు. ఆ రేకులు పల్చటి అల్యూమినియం, చేతితో నొక్కితేనే వంగిపోతాయి. కారిన నీళ్లు కింద గడ్డకట్టి జారుడుబండ అవుతాయి కాబట్టి నడిచే దారి వైపు ఒకసారి చూసుకోండి.

కొత్తగా వచ్చినవాళ్లు నన్ను అడిగే ప్రశ్నల్లో సగం ఈ డబ్బా గురించే. అడగడంలో తప్పేం లేదు. ఏసీ అంటే మనకు తెలుసు, పొయ్యి అంటే తెలుసు. ఈ రెండూ కాని వస్తువుతో ఎలా మెలగాలో ఎవరూ చెప్పరు.

మొదటి సందేహం ఎప్పుడూ ఇదే: బయట గడ్డకట్టే చలి ఉంటే అందులోంచి వేడి ఎక్కడిది? చలి అనేది మన ఒంటికి. లెక్క ప్రకారం వేడి పూర్తిగా లేకపోవాలంటే మైనస్ 273 డిగ్రీలకు దిగాలి. మెషీన్ గొట్టాల్లో తిరిగే గ్యాసు సంగతి చూడండి. ఈమధ్య చాలా యూనిట్లలో వాడే ఆర్-32 మామూలు ఒత్తిడిలో మైనస్ 52 దగ్గరే మరిగిపోతుంది. అలాంటి దానికి మైనస్ పది డిగ్రీల గాలి కూడా వేడిగాలే. ఆ గాలి తగిలి అది మరిగి ఆవిరవుతుంది, కంప్రెసర్ ఆ ఆవిరిని నొక్కి పెడుతుంది, నొక్కేసరికి వేడెక్కుతుంది. సైకిల్ పంపుతో గాలి కొట్టినప్పుడు పంపు కాలుతుంది చూడండి, అదే సూత్రం. ఆ వేడి ఇంట్లో వదిలి, మళ్లీ ద్రవమై బయటికి వెళుతుంది. ఫ్రిజ్ లోపలి వేడిని తీసి వంటింట్లోకి వదలడం లేదూ, అలాగే.

కొత్త టెక్నాలజీ కదా, నమ్మొచ్చా అని ఇంకొకరు. తర్వాతి రోజుల్లో లార్డ్ కెల్విన్‌గా పేరుపడ్డ విలియం థామ్సన్ 1852లోనే, యంత్రంతో గాలిని నడిపి కట్టడాలను వేడిచేయొచ్చు, చల్లబరచొచ్చు అని రాశాడు. ఇక ఇళ్ల సంఖ్యతో పోల్చి చూస్తే యూరప్‌లో హీట్ పంపులు ఎక్కువగా ఉన్నవి నార్వే, స్వీడన్, ఫిన్లాండ్. మనకన్నా చలి ఎరిగినవాళ్లే వాడుతున్నారు.

కరెంటు హీటర్‌కి ఒక యూనిట్ ఇస్తే ఒక యూనిట్ వేడి వస్తుంది, అంతకన్నా రాదు. హీట్ పంపు ఆ యూనిట్‌ని వేడి పుట్టించడానికి కాదు, మోసుకురావడానికి ఖర్చుపెడుతుంది. అందుకే బయట ఏడెనిమిది డిగ్రీలున్నప్పుడు మంచి మెషీన్ ఒక యూనిట్‌కి మూడు, నాలుగు యూనిట్ల వేడి తెస్తుంది. దీన్నే సీఓపీ అంటారు. మైనస్ పదిహేనుకి దిగితే ఇది రెండు దగ్గరికి వస్తుంది. బయటికీ లోపలికీ తేడా పెరిగేకొద్దీ బరువు ఎక్కువ మెట్లు మోసినట్టు. నేను చెప్పబోయే జాగ్రత్తలన్నీ ఈ మెట్లు తగ్గించడానికే.

మా మొదటి ఇంట్లో నేను చేసిన పొరపాటు మీరు చేయకూడదని చెబుతున్నాను. పొదుపనుకుని రాత్రి పడుకునే ముందు థర్మోస్టాట్, అంటే ఇల్లు ఎంత వెచ్చగా ఉండాలో పెట్టే మీట, 15కి దించేదాన్ని, పొద్దున లేవగానే 22కి పెంచేదాన్ని. ఒకేసారి ఏడు డిగ్రీలు కావాలనేసరికి, పంపు ఒక్కదాని వల్ల కాదని లోపల సాయంగా పెట్టిన కరెంటు కాయిల్ కూడా పనిలోకి దిగేది. థర్మోస్టాట్ మీద 'ఆక్స్' అని చిన్న అక్షరాలు వెలుగుతుండేవి, వాటి అర్థం నాకు తెలియదు. అది వెలిగినంతసేపూ కాయిల్ నుంచి ఒక యూనిట్‌కి ఒక యూనిట్ వేడే. నెల తిరిగాక బిల్లు చూసి మీటరు రీడింగే తప్పనుకున్నాను. ఓ పెద్దాయన వచ్చి చూసి, "అమ్మా, దీన్ని మంటలా వాడుతున్నావు, నది లాగా పారనివ్వాలి" అన్నారు. మరుసటి నెల 20 దగ్గర పెట్టి వదిలేశాను. చలి ముదిరింది, బిల్లు మాత్రం తగ్గింది.

వేగం పెంచుకోగల, తగ్గించుకోగల ఇప్పటి ఇన్వర్టర్ మెషీన్లు తక్కువ వేగంతో గంటల తరబడి నడిచినప్పుడే బాగా పొదుపు. అది ఎప్పుడూ తిరుగుతూనే ఉందే అని కంగారుపడొద్దు, అలా తిరగడమే దాని పని. పరుగెత్తి పాలు తాగేకన్నా నిలబడి నీళ్లు తాగడం మేలన్నట్టు. రాత్రికి తగ్గించాలనుకుంటే ఒకటి, రెండు డిగ్రీలు తగ్గించండి, చాలు. త్వరగా వేడెక్కాలని 30కి పెట్టడం కూడా వద్దు. మెషీన్ నిండా వేగంతో నడిచి కరెంటు తింటుంది, మీరు మళ్లీ తగ్గించడం మరిచిపోతారు.

"గాలి వెచ్చగా రావట్లేదక్కా, పాడైందేమో" అనేది ఇంకో ఫిర్యాదు. గ్యాస్ మండించి ఇంట్లోకి వేడిగాలి పంపే ఫర్నేస్ నుంచి గాలి 50 డిగ్రీల పైన వస్తుంది, చేతికి భగ్గుమంటుంది. హీట్ పంపు గాలి చాలాసార్లు 35కి కాస్త అటూ ఇటూ. మన చర్మమే ఇంచుమించు 33 ఉంటుంది కాబట్టి వీచే గాలిలో చెయ్యి పెడితే చల్లగానే అనిపిస్తుంది. చేత్తో కొలవకండి. గది మధ్యలో ఒక థర్మామీటర్ పెట్టి గంట తర్వాత చూడండి. గది 20 దగ్గర నిలిచి ఉంటే మెషీన్ బాగున్నట్టే.

రిమోట్ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది చాలా ఇళ్లలో చూశాను. సూర్యుడి బొమ్మ వేడికి, మంచు రేకు బొమ్మ చల్లదనానికి, నీటిచుక్క తేమ తీయడానికి. బయట మంచు పడుతోందని మంచు బొమ్మ నొక్కేసి, 26 పెట్టి, రాత్రంతా దుప్పట్లు కప్పుకుని కూర్చున్నవాళ్లున్నారు. ఒక బయటి యూనిట్‌కి మూడు, నాలుగు గదుల యూనిట్లు కలిపి ఉంటే మామూలు రకాల్లో ఒక గదికి వేడి, ఇంకో గదికి చల్లదనం ఒకేసారి కుదరదు. అన్నీ ఒకే బొమ్మ మీద పెట్టుకోండి. 'ఆటో' జోలికి చలికాలంలో పోకండి.

ఇల్లు కొనేవాళ్లకూ, పంపు కొత్తగా పెట్టించుకునేవాళ్లకూ నా మొదటి మాట: ముందు ఇంటి చిల్లులు పూడ్చండి. కిటికీ అంచుల్లో, తలుపు కింద, అటకలో ఇన్సులేషన్ లేని చోట వేడి పోతూంటే ఎంత మంచి మెషీన్ పెట్టినా చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే. గాలి వీచే రోజున ఓ అగరొత్తి వెలిగించి కిటికీ చుట్టూ మెల్లగా తిప్పండి. పొగ ఎక్కడ పక్కకు లాగితే అక్కడ సందుంది. ఇది ఖర్చు లేని పరీక్ష. ఇల్లు బిగిస్తే చిన్న మెషీన్ సరిపోతుంది, దాని ధరా తక్కువే.

సైజు విషయంలో మొహమాటపడొద్దు. మా వీధిలో ఒకాయన, ఇన్ని చదరపు అడుగులకు ఇన్ని టన్నులు అని నోటి లెక్క చెప్పి పెద్ద మెషీన్ పెట్టి పోయాడు. టన్ను అంటే గంటకు 12,000 బీటీయూ (వేడిని కొలిచే ఒక కొలత), సుమారు 3.5 కిలోవాట్లు. అడగాల్సింది అడుగులు కాదు, ఆ ఇంట్లోంచి అత్యంత చలి రోజున గంటకు ఎంత వేడి పోతుంది అని. గోడలు, కిటికీలు, పైకప్పు కొలిచి కాగితం మీద వేసిన లెక్క చూపించమనండి. చూపించనివాళ్లను వద్దనండి. రెండో ప్రశ్న: మీ ఊళ్లో పడే చలికి ఈ మెషీన్ ఎంత వేడి ఇస్తుంది? డబ్బా మీద రాసిన అంకె మామూలుగా ఏడెనిమిది డిగ్రీల దగ్గర కొలిచినది. చలి ముదిరితే అది తగ్గుతుంది. శీతల దేశాల కోసం చేసిన మోడళ్లు మైనస్ 25 దాకా పనిచేస్తాయి, మామూలువి అంత తట్టుకోవు.

పెద్దదైతే నష్టమేమిటంటారా? ఎండాకాలంలో తెలుస్తుంది. ఈ మెషీనే వేసవిలో ఏసీ. లోపల ఒక వాల్వ్ దిశ మారుస్తుంది, అంతే. సైజు మించితే గదిని గబగబా చల్లబరిచి ఆగిపోతుంది. గాలిలోని తేమ తీయడానికి దానికి సమయం చాలదు. చల్లగా ఉంటుంది గాని ఒళ్లంతా జిడ్డు. ఒక మినహాయింపు: రేడియేటర్లలోకి, అంటే గదుల్లో గోడలకు బిగించిన వేడినీళ్ల పలకల్లోకి, నీళ్లు పంపే రకం పెట్టించుకుంటే దాన్నుంచి వేసవి చల్లదనం ఆశించకండి. చల్లటి నీళ్లు పంపితే రేడియేటర్లకు, గొట్టాలకు చెమట పట్టి నేల తడుస్తుంది. ఆ రకంలో చలికాలం నీళ్ల వేడి ఎంత తక్కువ పెట్టుకుంటే అంత పొదుపు. గ్యాసుతో నీళ్లు కాచే పాత బాయిలర్ లాగా 70 కాకుండా 45 లోపు నడపాలంటే కొన్ని గదుల్లో పెద్ద రేడియేటర్లు వేయాల్సి రావచ్చు. స్నానాల నీళ్ల ట్యాంకు కూడా దీనికే కలిపి ఉంటే, బ్యాక్టీరియా పెరగకుండా వారానికోసారి 60 డిగ్రీలకు వేడిచేసే సెట్టింగు ఉంటుంది. పొదుపని దాన్ని ఆపకండి.

గ్యాస్ ఉన్న ఇంట్లో మార్చడం లాభమా? బిల్లులు రెండూ ముందు పెట్టుకోండి. కరెంటు యూనిట్ (కిలోవాట్-అవర్) ధరను అంతే గ్యాస్ యూనిట్ ధరతో భాగించండి, దాన్ని 0.9తో హెచ్చించండి, ఎందుకంటే మంచి బాయిలర్ కూడా గ్యాసులో పదో వంతు వృథా చేస్తుంది. గ్యాస్ బిల్లు థర్ముల్లో వస్తే ఒక థర్మ్ అంటే సుమారు 29.3 యూనిట్లు. కరెంటు మూడు రెట్లుంటే 2.7 వస్తుంది. అంటే సీజన్ మొత్తం మీద మీ పంపు సగటు 2.7 దాటితే ఖర్చు తగ్గినట్టు. నాలుగు రెట్లుంటే 3.6 దాటాలి, అది కష్టమే. అమ్మేవాళ్లు ఈ లెక్క చెప్పరు. చమురుతోనో మామూలు కరెంటు హీటర్లతోనో వేడిచేసే ఇల్లయితే నేను పెద్దగా ఆలోచించను, మార్చేయమంటాను.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకు ఇవేవీ చేతిలో ఉండవు, తెలుసు. మీ చేతిలో ఉన్నది ఫిల్టర్. గోడ మీది యూనిట్ ముందు మూత పైకెత్తితే జాలీ వస్తుంది. నెలకోసారి తీసి దుమ్ము దులిపి, నీళ్లలో కడిగి, పూర్తిగా ఆరాక పెట్టండి. బయటి యూనిట్ చుట్టూ అట్టపెట్టెలు, సైకిళ్లు ఆనించొద్దు, చలికాలంలో గుడ్డ కప్పొద్దు. మంచు కురిస్తే పక్కల పేరుకున్నది పారతో తీసేయండి. ఆ యూనిట్ నేల మీదే ఉండి మంచులో కూరుకుపోతుంటే ఎత్తు స్టాండ్ పెట్టమని ఓనర్‌కి రాతపూర్వకంగా అడగండి.

సెలవులకు ఊరెళ్లేటప్పుడు మెయిన్ స్విచ్ మాత్రం ఆపకండి. లోపల 12, 13 డిగ్రీలు పెట్టి వెళ్లండి. నీళ్ల గొట్టాలు గడ్డకట్టి పగిలితే తిరిగొచ్చేసరికి ఇల్లు చెరువవుతుంది. పైగా కంప్రెసర్ అడుగున నూనెను వెచ్చగా ఉంచే చిన్న హీటర్ చాలా యూనిట్లలో ఉంటుంది, దానికీ కరెంటు కావాలి.

ఆ తమ్ముడు మళ్లీ ఫోన్ చేశాడు, మార్చిలో. ఇప్పుడు ఆవిరి లేస్తే పాపని కిటికీ దగ్గరికి ఎత్తుకెళ్లి చూపిస్తున్నాడట. రేకులు నల్లబడి ఫ్యాన్ తిరగ్గానే పాప చప్పట్లు కొడుతోందట. ఫిల్టర్ కడిగావా అని అడిగాను. "లేదక్కా, ఈ ఆదివారం" అన్నాడు.