వంశధార ఒడ్డు నుంచి మహేంద్రగిరి దాకా వెళ్లి రండి

అరకు, లంబసింగి చూసేశామని, పాత గుళ్లూ కొండలూ కలిసి ఉండి జనం పలచగా ఉండే సరిహద్దు ప్రాంతం చెప్పమని అడిగారు. నన్నడిగితే శ్రీకాకుళం జిల్లా దాటి ఒడిశాలోని గజపతి జిల్లాకు వెళ్లే దారి. గత డిసెంబరులో అమ్మతో కలిసి మూడు రోజులు అక్కడే తిరిగాను.

శ్రీముఖలింగంతో మొదలుపెట్టండి. శ్రీకాకుళానికి సుమారు 45 కిలోమీటర్లు. ఇప్పుడు వంశధార పక్కన చిన్న పల్లె, ఒకప్పుడు తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం. పూరీలో జగన్నాథ ఆలయ నిర్మాణం ప్రారంభించిన అనంతవర్మ చోడగంగదేవుడు ఈ వంశంవాడే. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలు మూడూ చూడాలి. చాలామంది మధుకేశ్వరుడికి దండం పెట్టుకుని వెనుదిరుగుతారు. మీరు మాత్రం విడిగా నిలబడిన సోమేశ్వరాలయం దగ్గర కూర్చోండి. ముందు మండపం లేదు కాబట్టి గోడల మీది శిల్పాలకు అడ్డేమీ ఉండదు. సాయంత్రపు ఎండ వాలేదాకా అమ్మ అక్కడినుంచి కదలనేలేదు.

ఇప్పచెట్టులో శివుడు వెలిశాడనీ, మధుకం అంటే ఇప్పే కాబట్టి మధుకేశ్వరుడయ్యాడనీ స్థలపురాణం. ఆ కథలో ఇక్కడి గిరిజనులైన సవరలు కూడా ఉంటారు. సవర భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు రాసిన గిడుగు రామమూర్తి పంతులు 1863లో పుట్టింది ఈ చుట్టుపక్కలే, పర్వతాలపేటలో.

ఆయన పాఠాలు చెప్పిన పర్లాకిమిడి మీ తరువాతి మజిలీ. పాతపట్నం దాటగానే వస్తుంది. బోర్డుల మీద లిపి మారుతుంది, బజారులో తెలుగు మాత్రం వినబడుతూనే ఉంటుంది. 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రమై ఈ ఊరు అందులో చేరినప్పుడు, గిడుగువారు జీవితమంతా గడిపిన ఊరిని వదిలి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. ఆ వీధుల్లో నడుస్తుంటే అదే గుర్తొచ్చి మనసు కలుక్కుమంది. రాజావారి కోట బయటినుంచైనా చూడండి. గేదె కొమ్ముతో చేసే పక్షుల బొమ్మలకు ఈ ఊరు పెట్టింది పేరు.

మహేంద్రగిరికి తెల్లవారుజామునే బయలుదేరండి. మేం మొదటి రోజు మధ్యాహ్నం వెళితే పొగమంచు కమ్మేసి, దారి కనబడక జీపు వెనక్కి తిప్పాల్సి వచ్చింది. మర్నాడు చీకటితోనే బయలుదేరాం. ఎత్తు 1,501 మీటర్లు. పైన భీముడి గుడి చాలా చిన్నది, కానీ ఒక్కొక్క రాయీ ఎంత పెద్దదో చూస్తే ఆ కొండ మీద ఎలా పేర్చారా అనిపిస్తుంది. కుంతి గుడి, ధర్మరాజు గుడి కూడా ఉన్నాయి. పరశురాముడు తపస్సు చేసిన కొండ ఇదేనని నమ్మకం. శివరాత్రికి జాతర జరుగుతుంది, ప్రశాంతత కావాలంటే ఆ రోజులు వదిలేయండి. తిండి, నీళ్లు కిందినుంచే తీసుకెళ్లాలి.

తిరుగు ప్రయాణంలో పర్లాకిమిడి నుంచి నౌపడ వరకు రైలెక్కండి. పర్లాకిమిడి రాజావారు వేయించిన ఈ చిన్న లైను 1900లో మొదలైంది, ఇప్పుడు బ్రాడ్‌గేజ్ అయింది. రైళ్లు తక్కువ, వేళలు ముందే కనుక్కోండి. దిగాక ఆటోలో తేలినీలాపురం వెళ్లవచ్చు. అక్కడికి వచ్చే పెలికాన్లు ఊళ్లోని చింతచెట్ల మీదే గూళ్లు కడతాయి. అవి వస్తేనే ఊరికి మంచిదని నమ్మి, అక్కడివారు వాటిని కన్నబిడ్డల్లా చూసుకుంటారు. చలికాలంలో వెళితేనే కనిపిస్తాయి.