కోడ్ చూడగానే పార్ట్ కొనకు

చిరంజీవి అల్లుడికి, ఆశీస్సులు.

చెక్ ఇంజిన్ లైట్ వెలిగిందనీ, బ్లూటూత్ స్కానర్ కొన్నాననీ రాశావు. సంతోషం. ముందు ఆ లైటు ఎలా వెలుగుతోందో చూడు. నిలకడగా ఉంటే నెమ్మదిగా ఇంటికి రావచ్చు. ఆరుతూ వెలుగుతుంటే మాత్రం బండి పక్కకు ఆపెయ్. సిలిండర్‌లో మండని పెట్రోలు సైలెన్సర్ వైపు పోయి, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను మాడ్చేస్తుంది. దాని ఖరీదు నీకు తెలుసుగా.

స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. స్కానర్ అందులో పెట్టి, ఇగ్నిషన్ ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా అది చూపే లోపం కోడ్ చదువు. కోడ్ 'పి'తో మొదలైతే ఇంజిన్, గేర్‌బాక్స్ సంగతి. కోడ్‌లో రెండో అక్షరం సున్నా అయితే అన్ని కంపెనీలకూ ఒకటే అర్థం. 1 అయితే ఆ కంపెనీ సొంత కోడ్, వాళ్ల మాన్యువల్లోనే చూడాలి.

ఇక్కడే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. పి0171 వస్తే, పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసే ఆక్సిజన్ సెన్సర్ మార్చేస్తారు. ఆ కోడ్ చెప్పేది గాలికి తగ్గ పెట్రోలు అందడం లేదని. సెన్సర్ ఆ సంగతి సరిగ్గానే పట్టి చెబుతూ ఉండొచ్చు! ఎయిర్ ఫిల్టర్ నుంచి ఇంజిన్‌కు వెళ్లే గొట్టం చిట్లిందేమో, వ్యాక్యూమ్ హోస్ ఊడిందేమో, పెట్రోల్ పంపు ప్రెషర్ తగ్గిందేమో చూశాకే సెన్సర్ జోలికి వెళ్లు.

పి0301 అంటే ఒకటో సిలిండర్‌లో మిస్‌ఫైర్, అంటే పెట్రోలు సరిగ్గా మండట్లేదని. ఒక్కో సిలిండర్‌కు విడి కాయిల్ (స్పార్క్ ప్లగ్గుకు కరెంటు ఇచ్చేది) ఉన్న ఇంజిన్ అయితే, ఇంజిన్ ఆపి చల్లారాక ఒకటో కాయిల్, రెండో కాయిల్ అటూ ఇటూ మార్చు. స్కానర్‌తో కోడ్ చెరిపి కాస్త నడుపు. ఈసారి పి0302 వస్తే పోయింది కాయిలే. పి0301 అలాగే ఉంటే ప్లగ్గూ, ఇంజెక్టరూ, కంప్రెషనూ వరసగా చూడాలి. ఈ పరీక్షకు రూపాయి ఖర్చు లేదు, అయినా చేసేవాళ్లు తక్కువ.

చెరిపే ముందు స్కానర్ చూపే ఫ్రీజ్ ఫ్రేమ్ వివరాలను ఫొటో తీసుకో, మర్చిపోకు. తప్పు పట్టుకున్న క్షణాన ఇంజిన్ వేడి, ఆర్‌పీఎం, స్పీడు అందులో ఉంటాయి. చెరిపితే అవీ పోతాయి. చల్లటి ఇంజిన్ మీద వచ్చిందా, ఘాట్‌రోడ్డెక్కుతుంటే వచ్చిందా అన్నది తెలిస్తే వెతుకులాట సగం తగ్గుతుంది.

పని అయ్యాక స్కానర్ పీకెయ్. ఆ సాకెట్‌కు బండి ఆపినా బ్యాటరీ కరెంటు వస్తూనే ఉంటుంది. ఫొటోలు నాకు పంపు, చూసి ఫోన్ చేస్తాను.

మామయ్య