కొరియాలో గవర్నమెంటు స్కూల్లో వేయచ్చా అంటే, నిశ్చింతగా వేయండి

సువాన్ వెళ్తున్నాం, రెండో క్లాసు బాబుని అక్కడి గవర్నమెంటు స్కూల్లో వేయచ్చా, శాకాహారం దొరుకుతుందా అని అడిగారు. వేయండి. మావారి రీసెర్చ్ కోసం మేం డేజన్‌లో మూడేళ్లు ఉన్నాం. మా పాప రెండు నుంచి నాలుగు దాకా అక్కడే చదివింది. ఫీజు లేదు, పుస్తకాలు వాళ్లే ఇచ్చారు, మధ్యాహ్నం భోజనమూ ఉచితమే. హైదరాబాద్ తిరిగొచ్చాక ఐదో క్లాసుకి కట్టిన ఫీజు తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది.

తిండి విషయంలో మాత్రం జాగ్రత్త. నెలనెలా మెనూ పంపుతారు. ప్రతి వంటకం పక్కనా అలర్జీ నంబర్లుంటాయి: 10 అంటే పంది, 15 కోడి, 16 గొడ్డుమాంసం, 9 రొయ్య. ఆ నంబర్లు లేవు కదా, ఇది వెజ్జే అనుకునేరు! చారు కాచేది ఎండు నెత్తళ్ల నీళ్లతో, నెత్తళ్లకి ఆ పట్టీలో నంబరే లేదు. కిమ్చీలోనూ, అంటే వాళ్ల కారం క్యాబేజీ పచ్చడిలోనూ, చేపల సాసు పడుతుంది. మేం అడిగితే చిన్న డబ్బాలో కూర పంపనిచ్చారు. అన్నం, పండ్లు అక్కడే తినేది.

ఇంతకీ నేను చెప్పాలనుకున్నది మా పాప టీచరమ్మ గురించి. కొత్త విద్యా సంవత్సరం మార్చిలో మొదలైంది. మా పాపకి కొరియన్ ఒక్క ముక్క రాదు. క్లాస్ టీచర్ రోజూ బడి అయ్యాక అరగంట పక్కన కూర్చోబెట్టుకుని హంగుల్, అంటే కొరియన్ లిపి, దిద్దించారు. మే 15 అక్కడ టీచర్స్ డే, ఆ లిపిని ఇచ్చిన సెజోంగ్ రాజు పుట్టినరోజు. నేను ముందురోజు రాత్రి మినప్పప్పు దోరగా వేయించి, మా అమ్మ పంపిన నెయ్యితో సున్నుండలు చుట్టాను. స్టీలు డబ్బాలో పన్నెండు పెట్టుకుని, గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, వాళ్లిచ్చిన స్లిప్పర్లు వేసుకుని క్లాసులోకి వెళ్లాను.

ఆవిడ మూత తీసి వాసన చూశారు. దేంతో చేశారు, ఎలా చేశారు అని అడిగారు. తర్వాత మూత పెట్టేసి, డబ్బా రెండు చేతులతో పట్టుకుని, నడుం వంచి నమస్కరించి, మళ్లీ నా చేతుల్లోనే పెట్టారు. "మీ మనసు మాత్రం తీసుకుంటాను" అన్నారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, మన తిండి వద్దన్నారేమో అని. అప్పుడు ఫోన్లో అనువాదం పెట్టి వివరించారు. 2016లో వచ్చిన అవినీతి నిరోధక చట్టం ప్రకారం క్లాస్ టీచర్ పిల్లల తల్లిదండ్రుల దగ్గర కాఫీ కూడా పుచ్చుకోకూడదు. పువ్వు కూడా విద్యార్థుల ప్రతినిధి అందరి ముందూ ఇవ్వాల్సిందే. ఒకప్పుడు అక్కడ కవర్లలో డబ్బు పెట్టి టీచర్లకి ఇచ్చేవాళ్లట. దాన్ని చోంజి అంటారు.

ఆ రోజు ఆవిడ తీసుకున్నది మా పాప రాసిన ఉత్తరం ఒక్కటే. రెండు లైన్లు, అందులో మూడు తప్పులు. ఆ తప్పులతోనే గోడకి అంటించారు.

ఇక్కడికొచ్చాక మా పాప క్లాసు వాట్సాప్ గ్రూపులో టీచర్స్ డేకి తలా ఐదొందలన్నారు. ఇచ్చినవాళ్ల పేర్లు ఒక్కొక్కటీ గ్రూపులో పడుతుంటే, ఇవ్వలేని తల్లి ఎంత నలిగిపోతుందో ఎవరికైనా పట్టిందా? నేను ఆ గ్రూపులోనే చెప్పేశాను, ఇది తప్పని. ఇద్దరు మాట్లాడ్డం మానేశారు. మానేయనీండి.

చదువు ఒత్తిడి అంటారా, నేను చూసినంతవరకూ చిన్న క్లాసుల్లో అది స్కూలు బయటే ఉంది. బడి వదిలేసరికి గేటు ముందు హగ్వన్ల, అంటే ట్యూషన్ సెంటర్ల, పసుపు వ్యాన్లు బారులు తీరి ఉంటాయి. మీరు ఆ వ్యాను ఎక్కించకపోతే రెండో క్లాసు పిల్లాడికి ఆడుకోవడానికి బోలెడంత సాయంత్రం మిగులుతుంది.

చేరేముందు స్కూలువాళ్లు ఒక జాబితా ఇస్తారు. క్లాసులో తొడుక్కునే తెల్ల బూట్లు, వాటికో సంచి, తన బల్ల తనే ఊడ్చుకోవడానికి చిన్న చీపురూ చేటా. అన్నిటి మీదా పేరుండాలి, ఒక్కో కలర్ పెన్సిల్ మీద కూడా. పేరు స్టిక్కర్లు ముందే అచ్చు వేయించుకోండి. మేం ముగ్గురం మొదటిరోజు ముందు రాత్రి పదకొండు దాకా కూర్చుని, 24 పెన్సిళ్లకి మా పాప పేరు హంగుల్‌లో చేత్తో రాసి అంటించాం.