గాలం వేసి నిద్రపోతే చేపలే పడుతున్నాయి

పోయిన నెల గేమ్ అప్‌డేట్ల గురించి రాశాక వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువమంది అడిగింది ఒకటే: మాక్రో వాడొచ్చా? తెలియనివారి కోసం ఒక మాట. కీబోర్డులో ఏ బటన్లు, ఏ వరసలో, ఎంత ఎడంతో నొక్కాలో ముందే రాసి పెట్టుకుంటే, మనం ఒక్క బటన్ నొక్కగానే కంప్యూటర్ అవన్నీ తనే నొక్కుకుంటూ పోతుంది. దాన్నే మాక్రో అంటారు. నేను హైదరాబాద్‌లో పదకొండేళ్లు గేమ్ టెస్టర్‌గా పనిచేశాను. జీతం తీసుకుని మాక్రోలు రాసినదాన్ని. అందుకే ఈసారి జవాబులన్నీ వాటి గురించే.

ప్రశ్న: మేడమ్, నేను మైన్‌క్రాఫ్ట్ (దిమ్మెలతో లోకం కట్టుకునే ఆట) జావా ఎడిషన్ ఆడతాను. మా సీనియర్ దాచుకున్న పాత వీడియో చూసి చేపలు పట్టే చిన్న గది కట్టాను. రాత్రి మౌస్ కుడి బటన్ నొక్కి ఉంచేలా మాక్రో పెట్టి పడుకుంటున్నాను. వీడియోలో ఆయనకు తెల్లారేసరికి పెట్టె నిండా మంత్రాల పుస్తకాలు, గుర్రపు జీనులు వచ్చాయి. నాకు మాత్రం పచ్చి చేపలు, ఎముకలు, పాత తోలు బూట్లు. మాక్రో తప్పుగా రాశానా?
– డిగ్రీ విద్యార్థి, భీమవరం

జవాబు: బాబూ, మాక్రో బాగానే ఉంది. తేడా నీ చెరువులో ఉంది.

ఆ వీడియో 2020 జూన్‌కు ముందుది అయ్యుంటుంది. అప్పట్లో ఒక్క గడి నీళ్లు, దాని చుట్టూ నాలుగు దిమ్మెలు, ఒక ఇనుప తలుపు ఉంటే చాలు. చేప ఎర పట్టగానే బెండు మునిగేది. ఆ కదలికకే తలుపు కదిలి, మన క్లిక్ సరిగ్గా ఆ క్షణానికి గాలానికి తగిలేది. మౌస్ బటన్ మీద ఏదైనా బరువు పెట్టి పడుకున్నా సరిపోయేది.

2020 జూన్‌లో వచ్చిన 1.16 అప్‌డేట్‌లో ఒక షరతు చేర్చారు. నిధి కిందికి వచ్చే వస్తువులు, అంటే మంత్రాల పుస్తకాలు, జీనులు, పేరు చీటీలు, నాటిలస్ గుల్లలు లాంటివి, ఇక బయలు నీళ్లలోనే దొరుకుతాయి. బెండు చుట్టూ అయిదు గళ్ల పొడవు, అయిదు గళ్ల వెడల్పు, నాలుగు గళ్ల ఎత్తు ఖాళీగా ఉండాలి. కింద నీళ్లు, పైన గాలి. తామరాకులుంటే ఫర్వాలేదు. తలుపో దిమ్మెయో ఆ హద్దులోకి వస్తే ఇక చేపలూ చెత్తే. నీకు జరుగుతున్నది అదే.

టెస్టర్‌గా నాకు బాగా నచ్చిన మార్పుల్లో ఇదొకటి. ఎవరి ఇంట్లో ఎవరు మాక్రో పెట్టి పడుకున్నారో వెతకాలంటే ఎంతమందిని వెతుకుతారు? ఒంటరిగా ఆడే లోకంలో అసలు వెతికే హక్కు ఎవరికుంది? ఆట తయారుచేసినవాళ్లు ఆ జోలికి పోలేదు. నిధి దొరికే చోటు మార్చి ఊరుకున్నారు. మెండింగ్ పుస్తకం ఉంటే పార, గొడ్డలి అరిగిపోకుండా మళ్లీ మళ్లీ బాగవుతాయి. అంత విలువైన పుస్తకం నిద్రలో పడుతుంటే ఇక గుహల్లోకి, ఊళ్లలోకి ఎవరు వెళ్తారు?

నిజంగా పుస్తకాలే కావాలంటే రెండు దారులున్నాయి. అయిదు బై అయిదు చెరువు తవ్వి రెండు గళ్ల లోతు నీళ్లు నింపు, పైన కప్పు వేయకు, గాలం సరిగ్గా మధ్యలో పడేలా వెయ్యి. బెండు మునిగినప్పుడు మాత్రం నువ్వే లాగాలి. రెండోది నేను చేసేది: పని లేని గ్రామస్థుడి పక్కన లెక్టర్న్, అంటే పుస్తకం పెట్టి చదివే బల్ల, పెట్టు. అతను లైబ్రేరియన్ అవుతాడు. అమ్మే పుస్తకం నచ్చకపోతే, అతనితో ఇంకా ఏ బేరమూ చేయకముందే లెక్టర్న్ పగలగొట్టి మళ్లీ పెట్టు. పుస్తకం మారుతుంది. నాకు మెండింగ్ ఒకసారి పది నిమిషాల్లో వచ్చింది, ఇంకోసారి ఆదివారం మధ్యాహ్నమంతా పట్టింది. ఆటలో డబ్బుగా చెల్లే పచ్చలు పోగుచేసుకుని వెళ్లి కొనుక్కున్నాను. ఆ పుస్తకం ఎక్కడ సంపాదించానో ఇప్పటికీ గుర్తుంది.

నీ సొంత లోకంలో మాక్రో పెట్టుకుంటావో లేదో నీ ఇష్టం. స్నేహితుల సర్వర్‌లో అయితే నడిపేవాణ్ని ముందు అడుగు. నువ్వు నిద్రపోతూ ఒక చోటు ఆక్రమించుకుంటే, ఆడాలని వచ్చినవాడు బయట నిలబడాల్సి వస్తుంది.

ప్రశ్న: అమ్మా, మా అబ్బాయికి పద్నాలుగేళ్లు. రాత్రి కంప్యూటర్ ఆపొద్దంటాడు. ‘అదే ఆడుకుంటోంది, లెవెల్ పెరుగుతుంది’ అంటాడు. మాక్రో అని ఏదో ఫైలు దింపాడట. దానికోసం యాంటీవైరస్ ఆపేశాడని వాళ్ల అక్క చెప్పింది. నాకు చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, ఈ ఉత్తరం చదివి నేనూ కంగారుపడ్డాను. ముందు ఫైలు సంగతి చూద్దాం.

మాక్రో అనేది నిజానికి నాలుగు లైన్ల రాత. ఆటోహాట్‌కీ అని ఉచితంగా దొరికే ప్రోగ్రామ్ ఉంది. 2003 నుంచీ ఉంది. దాని స్క్రిప్టు నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ఏ బటన్ నొక్కుతుందో, ఎంతసేపు ఆగుతుందో కళ్లారా చదువుకోవచ్చు. బాబు దింపింది అలా తెరిచి చదివే ఫైలు కాకుండా, డబుల్ క్లిక్ చేస్తే నడిచే ప్రోగ్రామ్ అయితే లోపల ఏముందో మనకు కనబడదు. పైగా యాంటీవైరస్ ఆపమని అడిగింది. గేమ్ చీట్ల పేరుతో పాస్‌వర్డులు దొంగిలించే ప్రోగ్రాములు తిరుగుతుంటాయి. బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులన్నీ అవి పట్టుకుపోగలవు.

ఇవాళే ఇంటర్నెట్ తీసేసి, యాంటీవైరస్ ఆన్ చేసి పూర్తి స్కాన్ పెట్టండి. ఆ ఫైలు తీసేయండి. తర్వాత మీ ఫోన్ నుంచి, ఆ కంప్యూటర్ నుంచి కాదు, మెయిల్ పాస్‌వర్డు, బ్యాంకు పాస్‌వర్డు మార్చండి. ఆ కంప్యూటర్‌లో ఎప్పుడైనా కరెంటు బిల్లు కట్టి ఉంటే బ్యాంకు స్టేట్‌మెంట్ ఒకసారి చూసుకోండి.

కరెంటు సంగతి అబ్బాయితోనే లెక్క కట్టించండి. గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్ ఆట నడుస్తుండగా 250 వాట్లు తీసుకుంటుందనుకుంటే, ఎనిమిది గంటలకు రెండు యూనిట్లు, నెలకు అరవై. మీ బిల్లులో అరవై యూనిట్లు ఏ శ్లాబులో పడతాయో వాడే చూసి చెప్పాలి.

తిట్టకండి. వాణ్ని కూర్చోబెట్టి ‘ఆ మాక్రో ఏ పని చేస్తుంది?’ అని అడగండి. ఒకే రాక్షసుణ్ని మూడు వందలసార్లు కొట్టడమే అని చెబితే, వాడికి ఆ భాగం విసుగ్గా ఉందన్నమాట. విసుగు తెప్పించే ఆట మానేసి ఇంకోటి ఆడొచ్చని పద్నాలుగేళ్ల పిల్లాడికి ఎవరో ఒకరు చెప్పాలి. మాక్రో రాయడమే వాడికి సరదా అయితే మాత్రం ఆపకండి. సొంతంగా రాయమనండి, నాకు పంపమనండి. తప్పులుంటే దిద్ది పంపుతాను.

ప్రశ్న: కౌంటర్-స్ట్రైక్ 2 అనే తుపాకుల ఆట కోసం స్నాప్ ట్యాప్ ఉన్న కీబోర్డు కొన్నాను. రెండు నెలల ట్యూషన్ డబ్బులు పెట్టాను. ఇప్పుడు మ్యాచ్ మధ్యలో బయటికి తోసేస్తోంది. అకౌంట్ పోతుందా?
– ఇంజినీరింగ్ విద్యార్థి, వరంగల్

జవాబు: నువ్వు రాసినదాన్ని బట్టి ఇది మ్యాచ్ నుంచి తీసేయడమే, బ్యాన్ కాదు. 2024 ఆగస్టు 19న ఆ ఆట తయారుచేసే వాల్వ్ కంపెనీ ఇచ్చిన అప్‌డేట్ తన అధికారిక సర్వర్లలో ఈ పద్ధతిని పట్టుకుని ఆటగాణ్ని బయటికి పంపడం మొదలుపెట్టింది.

కారణం చెబితే నీకు కోపం కొంచెం తగ్గుతుంది. ఈ ఆటలో ఎడమకు పరుగెత్తుతూ కాలిస్తే గుండు గురి తప్పుతుంది. ఎడమకు నడిపే ‘ఎ’ బటన్ మీద వేలు తీసి, కుడికి నడిపే ‘డి’ని ఒక్క క్షణం తట్టి, ఒళ్లు ఆగిన ఆ రెప్పపాటులో కాల్చాలి. రెండూ ఒకేసారి నొక్కి ఉంటే ఒకదాన్నొకటి కొట్టేస్తాయి. ఏళ్ల తరబడి చేతులు నేర్చుకున్న పని అది. స్నాప్ ట్యాప్ ఉంటే ‘ఎ’ మీద వేలు తీయకపోయినా కీబోర్డే దాన్ని వదిలేసి, చివర నొక్కిన ‘డి’ని తీసుకుంటుంది. వేలు చేయాల్సిన పని తీగలో జరిగిపోతుంది. ఎదురుగా ఉన్నవాడు ఆ పని వేలితోనే చేస్తున్నాడు.

కీబోర్డు సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లి స్నాప్ ట్యాప్ ఆపెయ్. వేరే కంపెనీలు దీనికి వేరే పేర్లు పెట్టాయి, ఏ పేరుతో ఉన్నా ఆపెయ్. ఒకే బటన్‌కు రెండు మూడు కదలికలు, కాల్పులు కలిపి పెట్టుకున్న బైండ్లు ఉంటే అవీ తీసెయ్. అదే అప్‌డేట్‌తో అవి కూడా పనిచేయడం మానేశాయి. కీబోర్డు వృథా కాదు, మిగతా అన్నిటికీ మంచిదే. అప్‌డేట్ రాకముందు కొన్నవాళ్ల బాధ నాకు తెలుసు. అమ్మినప్పుడు గొప్పగా చెప్పిన సౌకర్యాన్ని ఆట ఆపేసినప్పుడు డబ్బు పోయేది కొన్నవాడిదే. కీబోర్డు పెట్టె మీద ఏముందని కాదు, ఆ ఆట నియమాల్లో ఏముందని చూసి కొనుక్కో.

ప్రశ్న: కొన్ని ఆటల్లో కంపెనీయే మాక్రోలు ఇస్తుంది కదా. మనం రాస్తే తప్పెలా అవుతుంది?
– పాఠకుడు, నెల్లూరు

జవాబు: బ్లిజర్డ్ కంపెనీ వారి ఆన్‌లైన్ ఆట వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో ఆటలోనే మాక్రో రాసుకునే పెట్టె ఉంది, 255 అక్షరాల వరకు. కానీ మంత్రం తర్వాత మంత్రం దానంతటదే పడుతూ పోదు, వేలు మళ్లీ నొక్కాలి. నిర్ణయం ఆటగాడిదిగానే మిగులుతుంది. ఆ హద్దు దాటి ఆటే ఆడేసే గ్లైడర్ అనే బాట్ మీద, దాన్ని తయారుచేసిన కంపెనీకీ బ్లిజర్డ్‌కూ అమెరికా కోర్టుల్లో వ్యాజ్యం నడిచింది. 2010లో అప్పీలు కోర్టు తీర్పు దాకా సాగింది. 2020 నవంబరులో, ఒకే నొక్కును ఒకేసారి చాలా అకౌంట్లకు పంపే సాఫ్ట్‌వేర్‌ను కూడా ఆపేశారు.

ప్రశ్న: మేడమ్, నాకు 43 ఏళ్లు, బ్యాంకులో పని. రాత్రి ఒక గంట స్టార్‌డ్యూ వ్యాలీ అనే వ్యవసాయం ఆట నాకు పెద్ద విశ్రాంతి. గనిలో రాళ్లు కొట్టేటప్పుడు ఆర్, డిలీట్, కుడి షిఫ్ట్ కలిపి నొక్కితే పికాక్స్ ఊపు సగంలో తెగి పని వేగంగా అవుతుందని మా తమ్ముడు నేర్పాడు. రెండు నెలలకే మణికట్టు నొప్పి మొదలైంది. మాక్రో పెట్టుకుంటే మోసమా? అప్‌డేట్ వస్తే చెడిపోతుందా?
– బ్యాంకు ఉద్యోగి, అనకాపల్లి

జవాబు: ఏమాత్రం మోసం కాదండీ. అది మీ పొలం, మీ గని. ఎదురుగా ఓడిపోయేవారెవరూ లేరు. కలిసి ఆడేవారుంటే ఒక మాట చెప్పండి, చాలు.

నేను మొదటి మాక్రో రాసింది కూడా మణికట్టు కోసమే. ఒక టెస్టులో ఒకే తలుపును వెయ్యిసార్లు తెరిచి మూయాలి. మూడో రోజుకి కాఫీ కప్పు ఎత్తలేకపోయాను. డాక్టరుగారు పట్టీ వేసి ‘ఈ పని ఆపమ్మా’ అన్నారు. ఉద్యోగం ఆపలేక స్క్రిప్టు రాశాను. మీరు కూడా డాక్టరుకు చూపించుకోండి. పగలంతా బ్యాంకులోనూ కీబోర్డే కాబట్టి ఆట ఒక్కటి ఆపినా నొప్పి పోకపోవచ్చు.

అప్‌డేట్ల సంగతి. బటన్లు నొక్కే మాక్రోకు భయం తక్కువ. స్క్రీన్ మీద ఫలానా చోట క్లిక్ చెయ్, మెనూలో మూడోది ఎంచుకో అనే మాక్రోలే దెబ్బ తీస్తాయి. నాదొకటి రాత్రంతా నడిచే టెస్టు ఉండేది: కింది బాణం రెండుసార్లు, ఎంటర్. అది ‘కొనసాగించు’. ఒక సాయంత్రం వచ్చిన కొత్త బిల్డులో, అంటే ఆట కొత్త కూర్పులో, మెనూ పైన ఒక వరస చేర్చారు. నాకెవరూ చెప్పలేదు, నేనూ చూడలేదు. రెండో బాణానికి ‘కొత్త ఆట’ వచ్చింది. తెల్లారేసరికి నలభై గంటల సేవ్ మీద కొత్త సేవ్ రాసేసి ఉంది. ఆ రోజు నుంచి అప్‌డేట్ రాగానే ముందు సేవ్ కాపీ తీస్తాను.

మీరూ తీయండి. విండోస్ బటన్‌తో పాటు ఆర్ నొక్కి, రెండు పర్సంట్ గుర్తుల మధ్య యాప్‌డేటా (%appdata%) అని టైప్ చేస్తే ఒక ఫోల్డర్ తెరుచుకుంటుంది. అందులో స్టార్‌డ్యూవ్యాలీ, దానిలో సేవ్స్. ఆ సేవ్స్ ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. 2024 మార్చిలో వచ్చిన 1.6 లాంటి పెద్ద అప్‌డేట్ అయితే ఇది మరీ ముఖ్యం. కొత్త వెర్షన్‌లో ఆడిన సేవ్‌ను పాత వెర్షన్‌లో తెరవొచ్చని నమ్మకం పెట్టుకోలేం.

నీళ్లు పోయడానికి మాక్రో రాయకండి, స్ప్రింక్లర్లు పెట్టుకోండి. మామూలుది నాలుగు గళ్లు తడుపుతుంది. వ్యవసాయం ఆరో స్థాయికి చేరితే వచ్చేది ఎనిమిది, తొమ్మిదో స్థాయిది ఇరవై నాలుగు. గనికి మాత్రం మౌస్ పక్క బటన్‌కు ఆ మూడు కీలు కలిపి పెట్టుకోండి. మూడూ కలిపి యాభై మిల్లీసెకన్లు నొక్కి ఉంచి వదలాలి. ఊపు తెగకపోతే డెబ్భై చేయండి. మీరు ఎడమచేతివాటం అయితే చెప్పండి, దానికి వేరేగా రాసి పంపుతాను.