పచ్చళ్ల పేరు అద్దెకిచ్చే ముందు

ప్రశ్న: మా అత్తగారు ఇరవై ఏళ్ల కిందట హన్మకొండలో ఇంటి దగ్గరే పచ్చళ్లు, కారప్పొడులు చేసి అమ్మడం మొదలుపెట్టారు. ఇప్పుడు నేనూ, మా మరిదీ చూసుకుంటున్నాం. కరీంనగర్ నుంచి ఒకాయన వచ్చి, మా పేరుతో అక్కడ దుకాణం పెట్టుకుంటానని, నెలనెలా ఇంతని ఇస్తానని అడుగుతున్నారు. జీఎస్టీ, ఆహార భద్రత లైసెన్సు రెండూ ఉన్నాయి. లేబుల్ మీద రోలు బొమ్మ తెలిసిన కుర్రాడితో వేయించాం. ఇంకేమైనా కాగితాలు కావాలా? మసాలా పాళ్లు ఆయనకు చెప్పక తప్పదా?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: అమ్మా, ఆవకాయ కరీంనగర్‌లోనూ పెడతారు. ఆయన అంత దూరం వచ్చింది మీ సీసా మీది పేరు కోసం. ఆ పేరు చట్టం దృష్టిలో ఎవరిదో ముందు తేల్చుకోండి. నెలకెంత అన్నది ఆ తర్వాత మాట్లాడవచ్చు.

జీఎస్టీ నంబరు పన్ను కట్టడానికి, ఆహార లైసెన్సు తినే వస్తువు తయారు చేయడానికి. పేరు మీద హక్కు ఈ రెండింటి వల్లా రాదు. ఈ మాట చెప్పినప్పుడల్లా వ్యాపారస్తులు నా వంక అదోలా చూస్తారు, ఫీజు కోసం కొత్త పని పుట్టిస్తున్నానని కాబోలు. ఫీజు సంగతే చెబుతాను వినండి. పేరు మీద హక్కు కోసం 1999 ట్రేడ్‌మార్క్ చట్టం కింద నమోదు కావాలి. ఆన్‌లైన్‌లో దరఖాస్తు వేస్తే వ్యక్తులకూ, చిన్న సంస్థలకూ ఒక్కో సరుకుల తరగతికి 4,500 రూపాయలు. పచ్చళ్లు 29వ తరగతిలోకి, కారప్పొడులు, మసాలాలు 30వ తరగతిలోకి వస్తాయి. మన ప్రాంతపు దరఖాస్తులు చెన్నై కార్యాలయం పరిధిలోవి, అయినా రైలెక్కే పని లేదు. పరిశీలన దాటాక ట్రేడ్‌మార్క్ కార్యాలయం వారి జర్నల్‌లో ప్రచురిస్తారు. నాలుగు నెలల్లోగా ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే నమోదు చేస్తారు. పదేళ్లకోసారి పొడిగించుకుంటూ పోతే ఆ హక్కుకు ఆఖరి తేదీ అంటూ లేదు.

మీరు పంపిన లేబుల్ చూశాను. పేరులో రెండు ముక్కలున్నాయి: ఊరి పేరు, మీ అత్తగారిని వాడకట్టులో అందరూ పిలిచే పిలుపు. ‘వరంగల్’, ‘పచ్చళ్లు’, ‘అసలైన’ లాంటి మాటలు ఏ ఒక్కరి సొత్తుగానూ రాసివ్వరు. మీకు ఆస్తి అయ్యేది ఆ పిలుపు ఒక్కటే. లేబుల్ మీద చూస్తే ఊరి పేరు ఎర్రగా, పెద్దగా ఉంది. పిలుపేమో మూలకు, భూతద్దం పెట్టి వెతకాల్సినంత చిన్నగా ఉంది. తర్వాతి అచ్చులో వాటిని తారుమారు చేయించండి.

ఎప్పటినుంచి వాడుతున్నారని దరఖాస్తులో అడుగుతారు. ఇరవై ఏళ్లని నోటితో చెబితే చాలదు. పాత బిల్లు పుస్తకాలు, ప్రెస్సు రసీదులు, పెళ్లిళ్లకు పంపిన ఆర్డర్ల కాగితాలు, తేదీ ఉన్నది ఏదైనా సరే, పారేయకుండా ఒకచోట పెట్టండి. రేపు ఇంకెవరో అదే పేరు నమోదు చేయించుకున్నా, వారి వాడకానికీ నమోదుకూ ముందునుంచే మీరు వాడుతున్నారని చూపగలిగితే ట్రేడ్‌మార్క్ చట్టం 34వ సెక్షన్ మీ పక్షాన నిలుస్తుంది.

ఇక మీరు అడగని ప్రశ్న ఒకటుంది. దరఖాస్తు ఎవరి పేరున వేస్తారు? అత్తగారి పేరునా, మీ పేరునా, మరిది పేరునా? ఇంట్లో ఈ మాట ఎత్తడం ఇబ్బందేనని నాకు తెలుసు. అయినా నా దగ్గరికి వచ్చే పేర్ల తగాదాల్లో పరాయివాళ్ల కంటే అన్నదమ్ములే ఎక్కువ. ముగ్గురూ కలిసి భాగస్వామ్య పత్రం రాసుకుని, పేరు సంస్థదని అందులో స్పష్టంగా చెప్పి, సంస్థ తరఫునే దరఖాస్తు వేయండి. అత్తగారు ఆరోగ్యంగా ఉండి, అందరూ ఒక్క పంక్తిలో భోంచేస్తున్న రోజుల్లోనే ఆ సంతకాలు అయిపోవాలి.

రోలు బొమ్మ సంగతి. డబ్బిచ్చాం కాబట్టి బొమ్మ మాదే అనుకుంటారు అందరూ. జీతగాడు ఉద్యోగంలో భాగంగా గీసింది యజమానికే చెందుతుంది, నిజమే. బయటివాడు గీసిన లేబుల్ డిజైన్ మీద కాపీరైట్, రాతపూర్వకంగా బదిలీ చేయకపోతే, చాలా సందర్భాల్లో గీసినవాడి దగ్గరే ఉండిపోతుంది. ఆ కుర్రాడితో ఒక బదిలీ పత్రం రాయించుకోండి. అందులో కాలం రాయకపోతే 1957 కాపీరైట్ చట్టం దాన్ని ఐదేళ్లుగానే లెక్కిస్తుంది. ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితం. మీ సీసాలు అమెరికా వెళ్లే సూటుకేసుల్లో ఉంటున్నాయి కాబట్టి ‘కాపీరైట్ ఉన్నంత కాలం, ప్రపంచమంతటా’ అని రాయించండి. కుర్రాడికి మరో రెండు వేలు ఇచ్చి, ఒక సీసా కూడా చేతిలో పెట్టండి.

పాళ్లు చెప్పకండి. పేటెంటు ఆలోచన కూడా వద్దు. ఉన్న దినుసులను కలిపినంత మాత్రాన పేటెంటు రాదు, ఇంటింటా తరతరాలుగా తెలిసిన పద్ధతులకూ రాదు. ఒకవేళ వచ్చినా అంతా బయటపెట్టి రాయాలి, ఇరవై ఏళ్లకు అది అందరిదీ అవుతుంది. గుట్టుగా ఉంచుకున్నదానికి గడువు లేదు. అయితే వ్యాపార రహస్యాలకు మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు కాబట్టి ఒప్పందమే దిక్కు. దానికీ హద్దుంది: ‘మమ్మల్ని వదిలాక ఎక్కడా పచ్చళ్లు పెట్టకూడదు’ అని రాయించుకుంటే 1872 కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ముందు అది నిలవదు. ‘మా పాళ్లు వాడకూడదు, ఎవరికీ చెప్పకూడదు’ అన్నది నిలుస్తుంది. వీటన్నిటికంటే గట్టిది వంటింటి ఉపాయం. ఆవపిండి, మెంతిపిండి, కారం, ఉప్పు కలిపిన పొడి మీ ఇంట్లోనే తయారుచేసి సీలు వేసి పంపండి. అక్కడ ముక్కలు కొట్టి, నూనె పోసి కలుపుకుంటారు. ఎన్ని కిలోల పొడి వెళ్లిందో చూస్తే ఎన్ని సీసాలు అమ్ముడయ్యాయో మీకు తెలిసిపోతుంది, ఆయన లెక్కల పుస్తకం అడగనక్కర్లేదు.

ఒప్పందంలో పేరు ఇల్లు అద్దెకిచ్చినట్టే ఇవ్వాలి, అమ్మినట్టు కాదు. ఎన్నేళ్లు, కరీంనగర్ పట్టణమా, జిల్లా అంతానా, మరొకరికి మళ్లీ ఇచ్చే హక్కు ఉండదన్నది, రుచి చూడటానికి మీరు చెప్పకుండా వెళ్లవచ్చన్నది, ఇవన్నీ రాయండి. నెలకు ఇంతని మాత్రమే ఒప్పుకోకండి. కనీస మొత్తం ఒకటి, దానిపై అమ్మకాల్లో శాతం ఒకటి అడగండి. వ్యాపారం పుంజుకుంటే మీకూ దక్కాలి కదా. ఒప్పందం ముగిసిన రోజు బోర్డు దించాలి, మిగిలిన లేబుళ్లు తిరిగి ఇవ్వాలి. దుకాణం బోర్డు మీది ఫోను నంబరు, ఇన్‌స్టాగ్రామ్ పేజీ మొదటి రోజునుంచే మీ పేరున ఉండాలి. ఇది చాలామంది మరిచిపోతారు. పేరు వెనక్కి వస్తుంది, ఫోను చేసే వాడుకదార్లు మాత్రం అక్కడే ఉండిపోతారు.

ప్రశ్న: మాది కొత్తవాడ, దర్రీలు నేస్తాం. మా అబ్బాయి కంప్యూటర్‌లో కొత్త డిజైన్లు వేస్తున్నాడు. వాట్సాప్‌లో పెట్టిన కొద్ది రోజులకే వాటిని వేరేచోట మరమగ్గాల మీద దింపి అమ్ముతున్నారు. వరంగల్ దర్రీలకు జీఐ (ఫలానా ప్రాంతపు సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు) ఉంది కదా, అది కాపాడదా?
– ఒక నేత కార్మికుడు, వరంగల్

జవాబు: కాపాడదన్నా! 2018లో వచ్చిన భౌగోళిక గుర్తింపు ‘వరంగల్ దర్రీ’ అన్న పేరును కాపాడుతుంది. పానిపట్‌లో నేసి ఆ పేరు తగిలిస్తే అడ్డుకోవచ్చు. మీ అబ్బాయి వేసిన ఆ ఒక్క నమూనాకు అది వర్తించదు. దానికి 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదు కావాలి: పదేళ్లు, ఆపైన మరో ఐదేళ్లు. చిక్కంతా ఒక్కచోటే ఉంది. దరఖాస్తు వేయకముందే డిజైన్ బయటపడితే అది కొత్తది కాకుండా పోతుంది. వాట్సాప్‌లో నలుగురు షావుకార్లకు పంపడం కూడా అందులోకే వచ్చే ప్రమాదం ఉంది. కాబట్టి పాతవాటిని వదిలేయండి. కొత్తవాటిలో బాగా అమ్ముడవుతాయనుకున్న రెండు మూడింటికి ముందు దరఖాస్తు, తర్వాతే ఫొటో.

కాపీరైట్ ఉందిగా అని ఎవరైనా అంటే నమ్మకండి. డిజైన్‌గా నమోదు చేయదగిన బొమ్మను నమోదు చేయకుండా 50 సార్లకు మించి వస్తువుల మీద దింపితే దాని కాపీరైట్ కూడా పోతుంది.

ప్రశ్న: చపాటా మిర్చి పొడి ప్యాకెట్లలో అమ్మాలనుకుంటున్నాను. ‘వరంగల్ చపాటా’ అని వేసుకోవచ్చా? ఆ పేరును ఎవరి దగ్గరైనా కొనుక్కోవాలా?
– ఒక వ్యాపారి, నర్సంపేట

జవాబు: కొనడానికి వీల్లేదు, అమ్మడానికీ వీల్లేదు. భౌగోళిక గుర్తింపును బదిలీ చేయడం, లైసెన్సుకివ్వడం, తాకట్టు పెట్టడం చట్టమే నిషేధించింది. 2025లో ఆ గుర్తింపు వచ్చింది కాబట్టి అధీకృత వినియోగదారుగా, అంటే ఆ పేరు వాడుకునే అనుమతి ఉన్నవారిగా, మీ పేరు నమోదు చేయించుకోండి, దాని రిజిస్ట్రీ కూడా చెన్నైలోనే ఉంది. కొనేవాళ్లు చపాటాను అడిగేది రంగు కోసం, ఘాటు కోసం కాదు. ఘాటు పెంచాలని వేరే రకం కాయ కలిపితే ఆ పేరు ప్యాకెట్ మీద వేయకండి. పక్కన మీ సొంత బ్రాండు పేరు ఒకటి పెట్టి, దాన్ని 30వ తరగతిలో విడిగా నమోదు చేయించండి.