పంపు మార్చే ముందు బండి ఆగిన చోటే చూడండి

ప్రశ్న: మా నాన్నగారి పెట్రోలు అంబాసిడర్, 1987 మోడల్. పొద్దున ఒక్క సెల్ఫ్‌కే స్టార్టవుతుంది. ఎండలో విజయవాడ బయల్దేరితే మాత్రం దారిలో ఆగిపోతుంది, అరగంట ఆగితే మళ్లీ కదులుతుంది. మెకానిక్ ఫ్యూయల్ పంపు మార్చమంటున్నాడు. నేనే ముందు టెస్ట్ చేసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: తప్పకుండా చేసుకోవచ్చు. కాకపోతే చల్లటి ఇంజన్ మీద షెడ్డులో చూసి పంపు బాగుందనో పోయిందనో చెప్పేస్తే నేను ఒప్పుకోను, ఎందుకంటే మీ బండికి వచ్చే జబ్బు వేడెక్కాకే వస్తోంది.

ఈసారి ఆగగానే ముందు టాంకు మూత తీయండి. గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు వచ్చి, వెంటనే బండి స్టార్టయితే మూతలోని గాలి రంధ్రం పూడిపోయినట్టే, పంపు జోలికి వెళ్లక్కర్లేదు. అది కాకపోతే ప్లగ్గుకు స్పార్క్ వస్తోందో లేదో చూడాలి. స్పార్క్‌కు కరెంటు పెంచి ఇచ్చే కాయిల్ వేడికి పనిచేయడం మానేసినా అచ్చం ఇలాగే ఆగి, చల్లారాక నడుస్తుంది, దాన్ని పంపు మీదకి నెట్టేసి డబ్బు పోగొట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను. స్పార్క్ బాగుంటే తడిగుడ్డ పంపు మీద వేయండి, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మీద నీళ్లు పడకూడదు. కాసేపటికి బండి అందుకుంటే పెట్రోలు వేడికి ఆవిరై పంపులో, పైపుల్లో అడ్డుపడుతోందని అర్థం. పాత అంబాసిడర్ డ్రైవర్లు వేసవిలో తడిగుడ్డ దగ్గర ఉంచుకునేది ఇందుకే.

ఇక అసలు టెస్టు. ఇది ఇంటి దగ్గర, ఆరుబయట, ఇంజన్ చల్లారాకే చేయాలి. సిగరెట్, ఫోను, నిప్పు దగ్గర ఉండకూడదు, ఒక బకెట్ ఇసుక పక్కన పెట్టుకోండి. కాయిల్ వైరు తీసేసి, పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్ దగ్గర పైపు ఊడదీసి గట్టి డబ్బాలో పెట్టి, ఎవరినైనా సెల్ఫ్ కొట్టమనండి. పెట్రోలు ఆగి ఆగి, బలంగా చిమ్మాలి. ఈ పంపును నడిపేది క్యామ్‌షాఫ్ట్, అంటే ఇంజన్ లోపల తిరిగే ఇరుసు, దాని మీది ఎత్తు (క్యామ్) పంపు మీటను తోస్తుంది, ఇంజన్ రెండు చుట్లు తిరిగితే పంపు ఒకసారి కొడుతుంది. సన్నగా జారుతుంటే పంపు బలహీనమైందనో, టాంకు నుంచి వచ్చే దారి మూసుకుపోయిందనో అనుకోవాలి. బుడగలు వస్తుంటే టాంకు వైపు పాత రబ్బరు పైపు పగిలి గాలి పీలుస్తోంది. పంపు కింద చేత్తో కొట్టే మీట కదలకపోతే కంగారు పడకండి, క్యామ్ అప్పటికే పంపు మీటను తోసి పట్టుకుని ఉందేమో, ఇంజన్‌ను ఒక చుట్టు తిప్పి మళ్లీ చూడండి.

ఇంజన్ ఆయిల్ మట్టం చూసే పుల్ల (డిప్‌స్టిక్) తీసి వాసన చూడడం మరిచిపోవద్దు. ఆయిల్‌కి పెట్రోలు వాసన ఉండి, మట్టం పెరిగితే డయాఫ్రమ్, అంటే పంపులోని పలచటి పొర, చిరిగి పెట్రోలు ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే సంపులోకి పోతోంది. అప్పుడు బండి అస్సలు నడపకండి, ఆయిల్ కూడా మార్చాల్సిందే. కొత్త పంపు కొనేముందు రిపేర్ కిట్ దొరుకుతుందేమో అడగండి, ఇప్పుడు పెట్రోల్లో ఇథనాల్ కలుస్తోంది కాబట్టి దాన్ని తట్టుకునే డయాఫ్రమే తీసుకోండి. బిగించేటప్పుడు పంపుకీ ఇంజన్‌కీ మధ్య ఉన్న మందపాటి ప్యాకింగ్ పారేయకుండా అదే మందంతో వేయించండి, అది పలచబడితే క్యామ్ తోసే పంపు మీట కదిలే దూరం మారిపోతుంది, వేడి కూడా ఎక్కువ తగులుతుంది.